వేగిస చెక్క పడసాల

“చూసి అడుగెయ్ రా,” అన్నాడు చెన్నకేశవులు. ఆ మాట పూర్తయ్యేలోపలే ఆయన కొడుకు మద్దిలేటి కాలి బొటనవేలు తగలాల్సిన చోట తగిలింది.

మద్దిలేటి పళ్లు బిగబట్టి, ఒంటికాలి మీద గెంతుతూ గోడ పట్టుకున్నాడు. నిన్న పొద్దున అరచేయిలా చదునుగా ఉన్న కొయ్యనేల, ఈ శనివారం తెల్లారేసరికి పడసాల నడుమ ఎద్దు మూపురంలా లేచి ఉంది. వడ్రంగి శాంతయ్య వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చిన పలకలు ఒకదాన్నొకటి తోసుకుని, మేకుల్ని ఊడబెరుక్కుని, పైకి తేలాయి.

“ఎవురమ్మా నీళ్లు పోసింది?”

“ఎవురు పోస్తారు? నేనే పోసినా.” గోవిందమ్మ వంటింట్లోంచి బయటికి రాకుండానే కొడుక్కి జవాబిచ్చింది. “వరలక్ష్మి పూజనాడు ఇల్లు కడగనోళ్లు నంద్యాలలో ఎవురన్నా ఉంటే చూపీ. పోయి కాళ్లకు మొక్కి వస్తా.”

“బండలు కడిగినట్ల చెక్కను కడుగుతారా మా?”

“నేలంటే నేలే. నేను కాపురానికి వచ్చిన్నాటి నుంచి ఈ పడసాల కడుగుతాండా. ఒక్క బండన్నా లేసి నిలబడిందా?”

“ఎంత పోసినావు?”

“తేట నీళ్లు వచ్చేదాకా పోసినా. అవి యాడొచ్చె? పోసేకొద్దీ పసుపు ఊరబట్టె. అమ్మవారే పసుపు పూసుకున్యాదని దండం పెట్టుకుంటి.”

“ఆ యమ్మ పూసుకున్న పసుపు నా పంచెకంతా అంటె,” అన్నాడు చెన్నకేశవులు, వెనక్కి తిరిగి చూపిస్తూ. “ఆరిందో లేదో చూడకుండా కూచుంటి. పొద్దున కాఫీ హోటలు కాడ, మళ్లా పెండ్లికొడుకైనావా అని ఒకటే నవ్వు.”

ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

పెరటి వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఉమకు ఈ మాటలన్నీ వినబడుతున్నాయి. పూర్తి పేరు ఉమామహేశ్వరమ్మ, మద్దిలేటి భార్య. పక్కన చాప, చెంబు, విడిగా పెట్టిన కంచం. నెలసరి మూడో దినం. రేపు తలకు పోసుకునేదాకా ఆమె గడప దాటి లోపలికి రాకూడదు, దేన్నీ ముట్టకూడదు.

నిన్న అత్త కడవలు కుమ్మరిస్తున్న చప్పుడు కూడా ఆమె ఇక్కడినుంచే వింది. “అత్తా, చెక్క మీద నీళ్లొద్దు,” అని కేక వేసింది. “బయట చేరినదానివి, పూజకాడ నోరెత్తొద్దు,” అని జవాబు వచ్చింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

లేచి వెళ్లి ఆ కడవ పట్టుకుని ఉండవచ్చు. పట్టుకుంటే అంటు తగిలేది కాదు. ఎందుకంటే ఉమ బయట చేరనేలేదు.

ఆమెకు రెండు నెలలు తప్పాయి.

మొదటి నెల తప్పినప్పుడు ఉమ ఆళ్లగడ్డలో, పుట్టింట్లో ఉంది. తల్లి లేని ఇల్లు. అడిగేవాళ్లు లేరు. రెండో నెల ఆ రోజు రాగానే, ఆమె చాప చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచింది. గోవిందమ్మ చూసి, “ఈ నెలా అంతేనా,” అని నిట్టూర్చి దూరం నుంచి అన్నం పెట్టింది. అంత సులభంగా సాగిపోయింది అబద్ధం.

పోయినేడు ఇదే శ్రావణంలో, ఇదే పడసాలలో, అప్పుడే కడిగిన బేతంచెర్ల బండల మీద ఉమ కాలు జారింది. అప్పటికి ఐదో నెల. బిడ్డ దక్కలేదు. ఆళ్లగడ్డకు పోయి, ఆ బండలున్న ఇంటికి రానని కూర్చుంది. మద్దిలేటి నెలకోసారి పోయి, రెండు రాత్రులుండి ఎంత బతిమాలినా కదల్లేదు. చివరికి, కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఎవరో ఆఫీసరు బంగళాలో చూసిన కొయ్యనేల అతనికి గుర్తొచ్చింది. బండలు తీసేసి పడసాలంతా చెక్క పరిపిస్తానని మాటిచ్చాడు. అప్పుడొచ్చింది ఆమె.

బండలు పెకలించే రోజున గోవిందమ్మ కోడల్ని పక్కకు పిలిచింది. “ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. కడుపుతో మనిషి ఉండే ఇంట్లో గడ్డపార దిగకూడదు, మేకు కొట్టకూడదు. ఉయ్యాలవాడలో మా పిన్నమ్మకు నెలలు నిండేటప్పుడు తలుపుకు మేకు కొట్టిరి. బిడ్డ పెదవి చీలి పుట్టె. ఉందంటే చెప్పు, పురుడయ్యేదాకా పని ఆపిస్తా.”

పురుడయ్యేదాకా. సగం పడసాల బండలు, సగం పడసాల గుంత. అందులోంచే వంటింటికీ పెరటికీ తిరగాలి, నీళ్ల కడవతో, నిండుతున్న కడుపుతో.

“ఏమీ లేదత్తా,” అంది ఉమ.

* * *

శాంతయ్య తన సామాన్ల సంచి దించకుండానే నేలను చూశాడు. తర్వాత కూడా దించలేదు.

“నా పని కాదు ఇది,” అన్నాడు.

“మరి ఎవురి పని?” అన్నాడు మద్దిలేటి. “గోడ కాడ సందు ఇడిసి ఉంటే చెక్క అటు జరిగుండును కదప్పా. ఇంత లేస్తుందా?”

“సందు ఇడిస్తే మీ అమ్మ ఒప్పుకున్యాదా? ‘సందులో బియ్యం పడతాయి, ఎలుకలు దూరతాయి, మూసెయ్’ అనె. మూసేస్తి.”

“నేను ఎలుకల మాట అంటి,” గోవిందమ్మ గొంతు వచ్చింది. “పని తెలిసినోనివి నువ్వా, నేనా?”

“పని తెలిసినోని మాట ఎవురు వింటాండారు ఈ ఇంట్లో? ఆయప్ప బండలే మేలంటాడు. ఈయప్ప బంగళా అంటాడు. నువ్వు నీళ్లు పోస్తావు. నేను యేసును తల్చుకోని సుత్తి పట్టుకుంటాండా.”

మద్దిలేటి గొంతు తగ్గించాడు. “ఇప్పుడేం చేద్దాం, అది చెప్పు.”

“పరిచిన చెక్కంతా ఊడదీయల్ల. నీడన ఆరబెట్టల్ల. మళ్లా చిత్రిక పట్టల్ల, మళ్లా మేకులు కొట్టల్ల. దసరా దాటుతాది.”

వసారాలో ఉమ కళ్లు మూసుకుంది. దసరాకు నాలుగో నెల. ఒకసారి ఆడిన ఆట ఇంకా రెండుసార్లు ఆడాలి. ఇప్పటికే పొద్దున పూట పోపు వాసనకు కడుపులో తిప్పుతోంది. నిన్నా మొన్నా పెరట్లో ఉండబట్టి ఆ వాసన తప్పింది. రేపటినుంచి పోపు పెట్టాల్సింది ఆమే.

పనంతా ఇంకో నాలుగు రోజుల్లో అయిపోయేది. ఆమె లోపల ఉండి ఉంటే ఒక్క చుక్క నీళ్లు పడనిచ్చేది కాదు. పని ఆగకూడదని చెప్పిన అబద్ధమే పనిని మొదటికి తెచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోడానికీ లేదు, ఎవరినీ తిట్టడానికీ లేదు.

* * *

ఆదివారం శాంతయ్య చర్చికి పోయాడు. ఇంట్లో సుత్తి చప్పుడు లేదు. దానికి బదులు చెన్నకేశవులు ఉన్నాడు.

ఉమ తలకు పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని లోపలికి వచ్చేసరికి ఆమె అన్న వెంకటేశ్వర్లు మొదటి బస్సుకు ఆళ్లగడ్డ నుంచి దిగి, పడసాల అంచున నిలబడి ఉన్నాడు. చెక్క అతనిదే. ఊరి బయట అతనికి మొద్దుల్ని పలకలుగా కోయించే దొడ్డి ఉంది. మిగతా పలకలు ఎప్పుడు తోలాలో అడిగిపోదామని వచ్చినవాడు, ఇది చూసి నోరు తెరిచాడు.

“రాప్పా రా,” అన్నాడు చెన్నకేశవులు. “నీ చెక్కకు ప్రాణమొచ్చింది. లేసి నడిచేటట్ల ఉండాది. ఆళ్లగడ్డకు తోలకపో.”

“మామా, నల్లమల చెక్క అది. నీళ్లలో నానబెడితే ఏ చెక్కైనా ఇంతే.”

“మంచి టేకు అడిగితే నువ్వు వేగిస అంటగడితివి.”

“నేనా? నీ కోడలే ఏరుకున్యాది. అడుగు.”

అది నిజమే. దొడ్డిలో టేకు, నల్లమద్ది, వేగిస, మూడు రకాల పలకలు వరసగా వేయించి, మూడింటి మీదా ఉమ చెంబుతో నీళ్లు పోసింది. చెప్పుల్లేకుండా మూడింటి మీదా నడిచింది. టేకు మీద మడమ కొంచెం జారింది. నల్లమద్ది గరుకు. వేగిస మీద అడుగు పట్టినట్టు నిలబడింది. అప్పుడు అరికాలు ఎత్తి చూసుకుంటే పసుపు. “తడిస్తే రంగు కక్కుతాది మే,” అన్నాడు వెంకటేశ్వర్లు. “కక్కనీ,” అంది ఉమ. కాలు జారకపోతే చాలు.

ఆ రంగు మాట ఆమె నంద్యాలలో ఎవరికీ చెప్పలేదు. చెప్తే మామ అదొక వంక పెట్టుకుని పని ఆపుతాడని.

“ఊడదీసి ఆరబెడితే మళ్లా పనికొస్తాది,” అన్నాడు వెంకటేశ్వర్లు. “ఒక్క పలక పోదు. తక్కువపడితే నేను తోలిస్తా.”

“ఏమీ తోలించొద్దు.” చెన్నకేశవులు లేచి నిలబడ్డాడు. ఈసారి ఆయన మాటలో ఎగతాళి లేదు. “నెలనాళ్లుగా అన్నం తింటే నోట్లో రంపంపొట్టు. వచ్చినోళ్లకు కూచోను చోటు లేదు. జొన్నల మూటలు దించను తావు లేదు. కోడలు ఇంటికి రావల్లని సరే అంటి. వచ్చింది. చాలు. రేపు శాంతయ్యతో ఇది పెరికిస్తా. పెరట్లో బండలు ఉండనే ఉండాయి. సాయంత్రానికి ఎప్పటి పడసాల.”

“నాయనా,” అన్నాడు మద్దిలేటి.

“గమ్మునుండు.”

ఉమ మద్దిలేటి వైపే చూస్తోంది. అతను మాత్రం లేచిన పలకల వైపు చూస్తున్నాడు.

పెరట్లో, గోడకు ఆనించిన బండల దొంతర పక్కన, ఆమె అతన్ని పట్టుకుంది.

“బావా, ఒప్పుకుంటివా?”

“ఏం చెప్పమంటావు? నేల చూడు ఎట్ల ఉందో. ఏ మొగం పెట్టుకోని మాట్లాడల్ల?”

“మాటిచ్చి తెస్తివి.”

“ఇచ్చినా. పరిపించినా. మా అమ్మ నీళ్లు పోస్తే నేనేం చేసేది? నువ్వన్నా చెప్పల్యా ఆ యమ్మకు?”

“చెప్పినా. వినల్యా.”

“గట్టిగా చెప్పుంటే వినేది.” అతను బండ మీద అరచేత్తో కొట్టాడు. “ఊర్లో అందరూ నవ్వుతాండారు. పెండ్లాం కోసం ఇంట్లో పెట్టె చేపిస్తాండాడు అంటాండారు. పడితే పడ్నాను. అంతా నీ కోసమే కదా అని పడ్నాను. నీకేమో అది కూడా కనపడ్దు.”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. అయితే మద్దిలేటి నోట్లో ఏ మాటా పూట నిలవదు. వాళ్లమ్మకు చెప్పేస్తాడు. రేపు ఏ పనీ జరగదు, చెక్కా రాదు, బండా రాదు, గుంతలూ గుట్టలూ ఎక్కడివక్కడ పురుడుదాకా ఉండిపోతాయి.

“బండలు పరిస్తే నేను అన్నతో పోతా,” అంది, చెప్పాల్సిన మాటకు బదులుగా.

మద్దిలేటి అరచేతికంటిన బండ దుమ్ము దులుపుకున్నాడు.

“పో,” అన్నాడు. “ఒకసారి వచ్చి పిల్చుకోని వస్తి. ఇంకోసారి రాను.”

అతను లోపలికి పోయాడు. ఉమ బండల దొంతర పక్కనే నిలబడింది. పై బండ నున్నగా, చల్లగా ఉంది. ఎన్నేళ్లుగానో ఈ ఇంటి ఆడవాళ్లు కడిగి కడిగి తెచ్చిన నునుపు అది.

* * *

సోమవారం పొద్దున శాంతయ్య వచ్చేసరికే చెన్నకేశవులు గడ్డపార చేతపట్టుకుని ఉన్నాడు.

“పెద్దాయనా, అది నాకియ్యి. చెక్క చీలిపోతాది,” అన్నాడు శాంతయ్య.

“చీలనీ.”

“చీల్తే పొయ్యిలోకి తప్ప దేనికీ రాదు.”

“నాకు కావల్సింది అదే.”

వెంకటేశ్వర్లు వసారాలోంచి లేచి వచ్చాడు. రాత్రి ఇక్కడే పడుకున్నాడు, చెల్లెల్ని తీసుకుపోవాల్సి వస్తుందేమో అని. ఉమ పెట్టె ఇంకా సర్దలేదు. మద్దిలేటి ద్వారబంధానికి ఆనుకుని, ఇల్లు తనది కానట్టు చూస్తున్నాడు.

చెన్నకేశవులు గడ్డపార మొన లేచిన పలక కిందికి పోనిచ్చాడు. ఒక మేకు కీచుమంది.

“మామా, ఆపు.”

ఉమ వంటింటి గడప దాటి వచ్చింది. చేతికి జొన్నపిండి అంటుకుని ఉంది. గుంతలుంటే దాటుకుంటుంది, ఆ బండల మీద మాత్రం మళ్లీ కాలు పెట్టలేదు.

“మళ్లా ఏందమ్మా?”

“నాకు రెండు నెలలు.”

చెన్నకేశవులు చేయి గడ్డపార మీద అలాగే ఉండిపోయింది. తర్వాత ఆయన దాన్ని పలక కింద నుంచి మెల్లగా లాగి, గోడకు చప్పుడు కాకుండా ఆనించాడు. పై కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ ముసలి ముఖంలో అంత మెత్తదనం ఉమ ఎప్పుడూ చూడలేదు.

మద్దిలేటి ద్వారబంధం వదిలాడు. “ఉమా,” అన్నాడు.

అప్పుడు గోవిందమ్మ బయటికి వచ్చింది.

“మొన్న బేస్తవారం బయట చేరితివే.”

“అది అబద్ధమత్తా.”

“ఏది అబద్ధం? అదా, ఇదా?”

ఉమ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మూడు దినాలు చాప మీద కూచుంటివి,” అంది గోవిందమ్మ. గొంతు పెంచలేదు. “దూరం నుంచి నేనే అన్నం పెడితి. నిన్న గుడ్డలు ఉతుక్కుంటివి. నేను చూడల్యా?”

“అవి మంచి గుడ్డలే. ఊరికే తడిపి ఆరేసినా.”

“ఎందుకూ?”

“చెప్తే పని ఆపిస్తావని.”

“ఈ పొద్దు చెప్పేదీ పని ఆపేదానికే కదమ్మా.”

ఉమకు ఒక్కసారిగా తన పరిస్థితి అర్థమైంది. అబద్ధాన్ని అంత చక్కగా, ఏ లోపమూ లేకుండా చెప్పింది. ఇప్పుడు నిజానికి నిలబడడానికి చోటు లేదు.

“నా చెల్లెలు అట్లాంటి విషయంలో అబద్ధం చెప్పదు,” అన్నాడు వెంకటేశ్వర్లు.

“ఇప్పుడే కదప్పా చెప్పె, అబద్ధం చెప్పినా అని,” అన్నాడు చెన్నకేశవులు. ముఖంలో మెత్తదనం పోయింది. కండువా మళ్లీ భుజం మీదికి వచ్చింది. ఒక్క క్షణం ఆశపడి మోసపోయిన మనిషి కోపం ఆయనది. “ముసలోడు బిడ్డ మాటంటే కరుగుతాడని తెలుసు. బాగా పట్నావు.”

“మంత్రసాని పరంజ్యోతమ్మను పిల్చుకోని రాండి. చూసి చెప్తాది,” అంది ఉమ.

“ఆ యమ్మ చాగలమర్రి పోయింది కూతురి పురుడుకు,” అంది గోవిందమ్మ. “ వచ్చే దినం ఆ యమ్మకే తెల్దు. అదీ తెలుసుకోనే చెప్తాండావా?”

ఉమ భర్త వైపు తిరిగింది. “బావా.”

మద్దిలేటి ఆమెను చూస్తున్నాడు. మంగళవారం సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసేటప్పుడు అతని కళ్లు అలా ఉంటాయి.

“నిన్న పెరట్లో ఇద్దరమే ఉంటిమి,” అన్నాడు. “అప్పుడు ఎందుకు చెప్పల్యా?”

“చెప్పబోతిని. నువ్వు పొమ్మంటివి.”

“పొమ్మనింది నువ్వు పోతానన్యాక.”



“ఇదంతా ఎందుకు?” అన్నాడు చెన్నకేశవులు. “శాంతయ్యా, ఒక మేకు తీయి. ఆ పలకకు కొట్టు. కడుపు నిజమైతే ఆ పిల్లే వచ్చి నీ చేయి పట్టుకుంటాది. పట్టుకోకపోతే గడ్డపార నా చేతికియ్యి.”

“ఇది నా పని కాదు పెద్దాయనా,” అన్నాడు శాంతయ్య.

“కూలి ఇచ్చేది నేను. కొట్టు.”

శాంతయ్య ఉమ వైపు చూశాడు, గోవిందమ్మ వైపు చూశాడు. ఎవరూ వద్దనలేదు. సంచిలోంచి మేకు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు వేళ్లతో పలక మీద నిలబెట్టాడు.

అడ్డం పోయి చేయి పట్టుకోవచ్చు. పట్టుకుంటే నమ్ముతారు. బండలు రావు, బిడ్డ సంగతి తేలుతుంది, అన్న ఒంటరిగా బస్సెక్కుతాడు.

పట్టుకుంటే, మేకు దెబ్బ బిడ్డకు తగులుతుందని తానూ నమ్మినట్టే. నమ్మి కూడా నెలంతా కొట్టించినట్టే.

ఉమ నమ్మలేదు. నమ్మలేదనే అనుకుంది. చెక్కకు కొట్టిన మేకు కడుపులోకి ఎట్లా పోతుందని తనకు తాను ఎన్నిసార్లో చెప్పుకుంది. ఇప్పుడు ఆ ఒక్క మేకును చూస్తుంటే ఆ మాట నిలవడం లేదు. కాళ్లు మాత్రం కదలడం లేదు. నన్ను నమ్మనివాళ్ల ముందు నేనెందుకు పరుగెత్తాలి అని లోపల ఒక మొండితనం పట్టుకుంది.

శాంతయ్య సుత్తి ఎత్తాడు.

మద్దిలేటి ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

సుత్తి దిగింది. దిగుతుండగా మేకు మీద ఒక అరచేయి వచ్చి పడింది. శాంతయ్య మణికట్టు తిప్పబట్టి సరిపోయింది. దెబ్బ పక్కనున్న పలక మీద పడి, పడసాలంతా దద్దరిల్లింది.

గోవిందమ్మ అరచేయి.

ఆమె నేలమీద కూలబడి ఉంది. మేకు మొన దిగకపోయినా అరచేతి నడుమ దాని తల గుచ్చుకుని ఎర్రగా అచ్చు పడింది. ఆమె ఆ చేయి చూసుకోలేదు.

“అమ్మా, ఏం పని ఇది,” మద్దిలేటి పరుగెత్తుకొచ్చాడు.

“ఇడువు.” గోవిందమ్మ కొడుకు చేయి తోసేసింది. మొగుడి వైపు చూసింది. “నిజమో అబద్ధమో నాకు తెల్దు. తెలీనప్పుడు నా ఇంట్లో మేకు దిగదు. గడ్డపార దిగదు. చెక్కా వద్దు, బండా వద్దు. ఎట్లుండేది అట్లనే ఉండనీ.”

చెన్నకేశవులు గడ్డపారను కాలితో గోడ మూలకు నెట్టాడు.

గోవిందమ్మ లేచింది. చీర దులుపుకుంది. లేచిన పలకల మీద జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ కోడలి దగ్గరికి వచ్చింది. ఇద్దరి మధ్య జానెడు దూరం కూడా లేదు. ఆమె గొంతు బాగా తగ్గిపోయింది. అయినా అందరికీ వినబడింది.

“నిజమే అనుకుందాం.”

“నిజమే అత్తా.”

“అయితే చెప్పు. ఈ నెలంతా శాంతయ్య ఎన్ని మేకులు కొట్టినాడే?”

ఉమ పెదవులు విడివడ్డాయి. అబద్ధం చెప్పినా అత్తా, కడుపూ లేదు ఏమీ లేదు అనే మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఆ ఒక్క మాట అంటే తిట్లతో పోతుంది. అనకపోతే, రేపు బిడ్డకు చిన్న నలత వచ్చినా ఈ ప్రశ్నే ఆమె ముందు నిలబడుతుంది, జన్మంతా.

అన్న ఆమెనే చూస్తున్నాడు. మామ ఆమెనే చూస్తున్నాడు. శాంతయ్య సుత్తిని సంచిలో దాచేసి, తల వంచుకుని కూర్చున్నాడు.

మద్దిలేటి ఒక్కడే ఆమె వైపు చూడడం లేదు. నడుం వంచి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొయ్యనేల మీద బారులు తీరిన మేకుల తలలను చూస్తున్నాడు. అతని పెదవులు మెల్లగా కదులుతున్నాయి.

లెక్కపెడుతున్నాడు.